తెడ్డుకి చెవి పెట్టి విన్నది

తిరుపతిరావు నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదని హనుమాన్ జంక్షన్‌లో కనపడ్డవాడికల్లా చెప్పుకుంటున్నాడు. నిజమే, ఆడలేదు. నా ఏడుపంతా అదే. అబద్ధాలకోరు చేతిలో మోసపోయినవాణ్ణి చూసి నలుగురూ అయ్యో అంటారు. నిజాలు చెప్పేవాడి చేతిలో మోసపోయినవాణ్ణి చూసి నవ్వుతారు. నన్ను చూసి నవ్వుతున్నారు.

నా పేరు మంగరాజు. మాది కృత్తివెన్ను అవతల ఉప్పుటేరు ఒడ్డున చిన్న పల్లె. ఆరో తరగతి సగంలో ఉండగా మా అయ్య పలక లాక్కుని తెడ్డు చేతికిచ్చాడు. అయ్య పోయాక పడవ కూడా పోయింది. ఆ తర్వాత వ్యాను కొనుక్కున్నాను. చేపలకి ఐసు కొట్టి, గుడివాడ మీదుగా జంక్షన్‌కొచ్చి, అక్కడ ఒక టీ తాగి, బెజవాడ తీసుకెళ్లి దింపి రావడం. పద్నాలుగేళ్లు అదే బతుకు. ఆ టీ కొట్టు దగ్గరే దొరికాడు తిరుపతిరావు.

అతను ఒకప్పుడు బెజవాడ కోచింగ్ సెంటర్లో పిల్లలకి జనరల్ నాలెడ్జి చెప్పేవాడు. సెంటరు మూతపడ్డాక జంక్షన్‌లో చేపల మేత కొట్టు పెట్టాడు. పొలాలున్న కుటుంబం, చల్లగా మాట్లాడే మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. మేం టీ తాగుతుంటే పక్కన కూచుని ఎవరినో ఒకరిని అడిగేవాడు.

"ఏమోయ్ మంగరాజూ, నోట్లన్నిటి మీదా రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకమే ఉంటుందా?"

"అంతేగా మాస్టారూ."

"రూపాయి నోటు మీద ఉండదు. అక్కడ పెట్టేది ఢిల్లీలో ఆర్థిక శాఖ కార్యదర్శి. పోయి చూసుకో."

ఇంటికెళ్లి పాత పుస్తకంలో దాచిన రూపాయి నోటు తీసి నా కూతురు సత్యశ్రీ చేతికిచ్చాను. అది బందరులో డిగ్రీ చదువుతుంది. నోటు చూసింది, ఫోన్లో చూసింది. "నిజమే నాన్నా" అంది.

అప్పణ్ణించి నాకదో పిచ్చి పట్టింది. చదువు మధ్యలో ఆగినవాడికి ఆకలి ఒకటి లోపలే ఉండిపోతుంది. అన్నంతో తీరేది కాదది. మన దేశంలో పదివేల రూపాయల నోటుండేదని అతను చెబితే నవ్వాను. నిజం. డెబ్బై ఎనిమిదిలో రద్దు చేశారట. సిల్హెట్ అనే చోట శిస్తు మొత్తం గవ్వల్లో కట్టేవారని చెప్పాడు. బండ్ల కొద్దీ గవ్వలు, పడవల కొద్దీ గవ్వలు. అదీ నిజం. పద్దెనిమిదివందల అరవై నాలుగులో బందరు మీదికొచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని చెప్పాడు. మా ముసలాళ్లు ఆ సంగతి పాటగా పాడేవాళ్లు గానీ ఏ ఏడో ఎంత మందో చెప్పేవాళ్లు కాదు. అతను తారీఖుతో సహా చెప్పాడు. ప్రతి సాయంత్రం వ్యాను దిగగానే సత్యశ్రీని పిలిచేవాణ్ణి. ప్రతి సాయంత్రం అది అదే మాట అనేది. "నిజమే నాన్నా."

ఒకసారి మాత్రం మా సరుకు గురించే అడిగాడు. "పండుగప్ప మగదా ఆడదా?"

"రెండూ ఉంటాయి మాస్టారూ. అదేం ప్రశ్న?"

"పుట్టినప్పుడు మగది. పెద్దదయ్యాక ఆడదవుతుంది. నలభై ఏళ్ల నుంచీ పట్టుకుంటున్నారు, మీ వాళ్లకి తెలీదా?"

టీ కొట్టంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను గానీ నా చేప గురించి నాకే తెలియకపోవడం ముల్లులా గుచ్చుకుంది. ఆ పూట సత్యశ్రీ ఫోన్లో చూసేదాకా చొక్కా కూడా విప్పలేదు. నిజమే.

నా భార్య గంగారత్నం బియ్యం చెరుగుతూ ఇదంతా వింది. "ఏవయ్యో, అన్నీ నిజాలే చెప్పే మనిషికి నీతో ఏం పని?" అంది.

"జ్ఞానం పంచుతున్నాడే."

"మేత కొట్టువాడు ఊరికే పంచేది గాలొకటే. కాస్త చూసుకో."

గంగారత్నం బళ్లోకి అడుగు పెట్టలేదు. పందొమ్మిదేళ్లు నెత్తిన గంప పెట్టుకుని బంటుమిల్లి, పెడన సందులన్నీ తిరిగి ఎండుచేపలమ్మింది. ఆ డబ్బుతో ఉప్పుటేరు పక్కన చెరువుతో సహా నేల కొంది. మా ఇంటికున్న ఆస్తి అదొక్కటే. అది ఆవిడ పేరు మీదే ఉంది. రిజిస్ట్రేషన్ రోజున వేలిముద్ర వెయ్యనంది. వారం రోజులు సత్యశ్రీ పలక మీద దిద్ది సంతకం నేర్చుకుని, చెమటలు కక్కుతూ పెట్టింది. ఆ చెరువు కౌలుకిచ్చి పిల్లని చదివిస్తున్నాం.

మరో రోజు టీ దగ్గర తిరుపతిరావు పారిస్ కథ చెప్పాడు. అక్కడ ఆకాశమంత ఇనప గోపురం ఉందట. వందేళ్ల కిందట ఒకడు సర్కారు ఆఫీసరు వేషం వేసి దాన్ని తుక్కు కింద అమ్మేశాడట. కొన్న తుక్కు వ్యాపారి మోసపోయానని తెలిసి కూడా సిగ్గుతో పోలీసుల దగ్గరికి పోలేదట. పోలేదు కాబట్టి ఆ దొంగ కొన్నాళ్లకి మళ్లీ వచ్చి అదే గోపురాన్ని ఇంకొకడికి అమ్మబోయాడట.

"అంత ఎర్రిపీనుగ ఉంటాడాండీ లోకంలో!" అని నేను పగలబడి నవ్వాను. టీ పొలమారింది. తిరుపతిరావే నా వీపు మీద తట్టాడు. ఆ చెయ్యి వీపు మీద ఇంకా ఉన్నట్టే ఉంటుంది నాకు.

ఇక కచిడి సంగతి చెప్పాలి. కచిడి సముద్రపు చేప. మా వాళ్లకి అది చేప కాదు, లాటరీ. మగ కచిడి పొట్టలో గాలితిత్తి ఉంటుంది, విదేశాలవాళ్లు ఎగబడి కొంటారు. అలాంటి తిత్తులతోనే సీమ సారాయిని తేటపరుస్తారని తిరుపతిరావు చెప్పాడు, అదీ చూశాం, నిజమే. గిలకలదిండి రేవులో ఒక మగ కచిడి లక్ష దాటి పలికిన రోజున నేను పక్కనే నిలబడి ఉన్నాను. దాన్ని పట్టినవాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అది నాది కానందుకు.

ఆ కబురు నేను టీ దగ్గర చెప్పిన పదో రోజున తిరుపతిరావు నన్ను కొట్టు లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. అతని కొట్లో నేనెప్పుడూ కూచోలేదు.

"మంగరాజూ, ఉప్పుటేటి పక్కన ఒకాయన దగ్గర చేపపిల్లలున్నాయి. కచిడి అంటున్నారు. మగవేనంటున్నారు. నాకు తెలీదు."

"పిల్లలు దొరకడమేంటండీ? అది నడిసముద్రంలో తిరిగే చేప."

"ఆ జాతి చేపని చైనాలో వలల్లో కోట్ల కొద్దీ పెంచుతున్నారు. మీ అమ్మాయి చేత చూపించుకో. కానీ ఇవి అవో కావో నేను చెప్పలేను. నేను పుస్తకాల మనిషిని. నువ్వు సముద్రం మీద పుట్టినవాడివి. నువ్వు చూసి చెబితే నేను నమ్ముతాను."

ఆ మాటకి పడిపోయాను. నలభై ఎనిమిదేళ్లలో, చదువుకున్నవాడెవడూ నన్ను "నువ్వు చెప్పు, నేను నమ్ముతాను" అనలేదు.

సత్యశ్రీ ఫోన్లో చూసింది. చైనాలో పెంచుతున్న మాట నిజమే.

మర్నాడు సాయంత్రం గాలి పడ్డాక ఆ చెరువు దగ్గరికి వెళ్లాం. వలతో నాలుగు పిల్లల్ని తీసి చూపించారు. జానెడున్నాయి. వెండి పొలుసు, మూతి తీరు, తోక తీరు ఆ వంశంలాగే ఉన్నాయి. కానీ ఆ వంశంలో గొరకలూ ఉన్నాయి. గొరక అంటే కిలో తొంభైకి పోయే చేప. జానెడు సైజులో ఏది ఏదో నేనెప్పుడూ పోల్చి చూడలేదు. కచిడి మాకు దొరికేది పెద్దదయ్యాకనే.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. తాత కచిడి వేటకి పోయినప్పుడు పడవ ఆపించి, ఎవర్నీ దగ్గనిచ్చేవాడు కాదు. తెడ్డు రెక్క నీళ్లలో ముంచి, కర్ర కొస చెవి వెనక ఎముకకి ఆనించి కళ్లు మూసుకునేవాడు. మగ కచిడి లోపలి తిత్తిని వాయించి పిలుస్తుంది. ఆ పిలుపు నీళ్లలోంచి కర్రలోకి, కర్రలోంచి ఎముకలోకి వస్తుంది. "గుర్రుమందిరా, వల వెయ్యండి" అనేవాడు తాత. ఆ విద్య మా ఇంట్లో నాకొక్కడికే వచ్చు. అయ్యకి కూడా రాలేదు.

తెడ్డు తెప్పించాను. గట్టు మీద మోకాళ్ల మీద కూచుని రెక్క ముంచాను. తిరుపతిరావు చెప్పులు విప్పి, గుళ్లో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదట నా గుండె చప్పుడే వినిపించింది. తర్వాత... కప్ప గొంతులో గులకరాయి వేసి ఆడించినట్టు. గుర్ర్. గుర్ర్. ఒకటి కాదు, చెరువంతా.

"ఏమంటోందోయ్?" అన్నాడు తిరుపతిరావు మెల్లగా.

"కచిడే మాస్టారూ! మగదే. అన్నీ మగవే!"

"నీ మాటేనా? తర్వాత నన్నేమీ అనకూడదు."

"మా తాత మీద ఒట్టు."

అతను పెన్ను తీసి జేబులో మళ్లీ సర్దుకున్నాడు. అంతే.

కౌలు మాన్పించి మా చెరువులో వెయ్యడానికి రెండు వేల పిల్లలు. పిల్ల నూటపది. ఆ సొమ్ము తిరుపతిరావే పెట్టాడు, మేతా అతని కొట్టు నుంచే, డబ్బంతా పంటొచ్చాక ఇచ్చే పద్ధతిన. మా వైపు మేత కొట్లన్నీ అలాగే ఇస్తాయి. హామీగా గంగారత్నం నేలకి అమ్మకం అగ్రిమెంటు రాయించుకున్నాడు. ఆరు లక్షలకి అమ్మడానికి ఒప్పుకున్నట్టు, పది నెలల్లో బాకీ తీరిస్తే కాగితం చించేసేట్టు. ఇదీ అందరూ చేసేదే. తనఖా అంటే బ్యాంకు చుట్టూ తిరగాలి, అగ్రిమెంటైతే ఒక పూటలో అయిపోతుంది.

గంగారత్నం కాగితం మీద అంకె దగ్గర వేలు పెట్టింది.

"ఎకరం ముప్పై లక్షలు పలుకుతుంటే ఆరు లక్షలని రాశారేంటి?"

"అది రాత కోసమే. మనం అమ్మితే గదా!"

"ఆ పిల్లలు కచిడి కాకపోతే?"

"నా చెవులతో విన్నానే."

"హనుమయ్య మావని కూడా ఒకసారి వినమనకూడదా?"

హనుమయ్య మా పల్లెలో అందరికంటే పెద్ద వేటగాడు, తాతతో కలిసి సముద్రం మీదికి పోయినవాడు. ఆ ముసలాణ్ణి పిలవడం నాకు చిన్నతనమనిపించింది. తాత విద్య నాది. ఇంకొకరి సంతకం కావాలా దానికి?

"ఇన్నాళ్లూ మాస్టారు చెప్పిందేదైనా తప్పయిందా?" అన్నాను.

"మాస్టారేం చెప్పాడు దీనికి?"

నేను కసిరాను. ఆవిడ పెన్ను అందుకుంది. "గం" దగ్గర ఆగింది, మళ్లీ రాసింది. అది ఆవిడ జీవితంలో రెండో సంతకం.

తర్వాత ఎనిమిది నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. వ్యాను అద్దెకిచ్చి గట్టు మీదే ఉన్నాను. ప్రతి ఆదివారం ఒక చేపని తీసి తూకం వేసేవాణ్ణి. మూడో నెలలో వంద గ్రాములు. ఐదో నెలలో నూటపది. కచిడి ఏడాదికి కిలోలు పెరగాలి. మేత మార్చాను. నీళ్లు మార్చాను. మేత పోస్తూ "తినండమ్మా, పెరగండమ్మా" అని దేవుళ్లకి మొక్కినట్టు మొక్కేవాణ్ణి. సాయంత్రం తెడ్డు వేసి వినేవాణ్ణి. గుర్ర్, గుర్ర్. ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చేది. ఉన్నాయి, మగవే, ఇవాళ కాకపోతే రేపు పెరుగుతాయి అనుకుంటూ ఇంకో పది బస్తాలు తెప్పించేవాణ్ణి. గంగారత్నం గంప ఎత్తుకుని మళ్లీ బంటుమిల్లి బయల్దేరింది. మోకాళ్లు వాచాయి. నాతో మాట్లాడ్డం మానేసింది.

ఏడో నెలలో హనుమయ్యని తీసుకొచ్చింది ఆవిడే. కర్ర పోటేసుకుంటూ వచ్చి గట్టు మీద చతికిలబడ్డాడు. తెడ్డు అందుకోలేదు.

"చెరువు అరుస్తోందంటగా?"

"అరుస్తోంది మావా. తాత చెప్పిన చప్పుడే."

"ఎప్పట్నించి?"

"మొదటి రోజు నుంచీ."

"జానెడప్పుడే అరిచిందా?"

"అరిచింది."

ముసలాడు నా మొహం కేసి చూడలేదు, నీళ్ల కేసే చూశాడు. "ఒరే మంగా. ఈడుకి రాని మగాడికి గొంతు మారుద్దంట్రా? కచిడి జానెడప్పుడు పసిపిల్లరా, మూగది. మోచెయ్యంత అయితే గానీ నోరిప్పదు. జానెడుకే ఈడొచ్చి గోల చేసేది గొరక. మీ తాత ఎప్పుడూ పిల్ల కచిడిని వినలేదు. ఆ లోతులో గొరకలుండవు, అందుకని ఏది అరిచినా కచిడే అనేవాడు. నడిసముద్రంలో నేర్చుకున్న విద్య గోతిలో వాడావేంట్రా?"

వినపడ్డం వల్లే నమ్మాను. వినపడకపోయి ఉంటే నేల మిగిలేది.

గంగారత్నం అక్కడే నిలబడి ఉంది. మేత చాటలో మిగిలింది తిరిగి బస్తాలో పోసి మూతి కట్టింది.

చెరువు పట్టిస్తే నూట ఎనభై కిలోలు తేలాయి. కిలో తొంభై. పదహారు వేల రెండొందలు. తిరుపతిరావు బాకీ ఐదు లక్షల అరవై ఆరు వేలు. ఆ పదహారు వేలూ గుడ్డలో కట్టుకుని జంక్షన్‌కి వెళ్లాను. కొట్లో అతనొక్కడే ఉన్నాడు.

"మాస్టారూ, ఇవి గొరకలండి."

"అయ్యో. అలాగా?" అన్నాడు. నిజంగా బాధపడ్డట్టే ఉన్నాడు. "నువ్వేగా విని చెప్పావు?"

"ఇంకో ఏడాది గడువివ్వండి. రొయ్య వేస్తాను, వ్యాను అమ్ముతాను. ఆ నేల ఆడదాని కష్టమండీ. పందొమ్మిదేళ్లు గంప మోసింది."

"కాదనలేదే. కానీ కాగితంలో పది నెలలుంది. నేను కచిడి అన్నానా? తెలీదన్నాను. నన్నేమీ అనకూడదని కూడా ముందే అన్నాను. అన్నానా లేదా?"

"అన్నారు."

"మరి?"

కాళ్లు పట్టుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా పట్టుకున్నాను. అతను నన్ను భుజాలు పట్టి లేపి, మంచినీళ్లిచ్చి, పదహారు వేల రెండొందలూ లెక్కపెట్టుకుని రసీదు రాసిచ్చాడు.

సత్యశ్రీ ఊరుకోనంది. "కంప్లైంట్ ఇద్దాం నాన్నా" అని తెల్ల కాగితం తీసుకుని కూచుంది. తిరుపతిరావు పేరు, ఊరు, తారీఖు రాసింది.

"చెప్పు. ఏం అబద్ధం చెప్పాడు?"

"చేపపిల్లలు అంటగట్టాడు."

"కచిడి అని చెప్పాడా?"

"అంటున్నారు అన్నాడు. తనకి తెలీదన్నాడు."

"పెరుగుతాయని చెప్పాడా?"

"లేదు."

"మరి ఏం రాయను నాన్నా?"

అది పెన్నుకి మూత పెట్టింది. నేను మొదటి నుంచీ అన్నీ తిరగేశాను. రూపాయి నోటు, గవ్వలు, ఉప్పెన, పండుగప్ప, తిత్తి, చైనా. ఒక్కటి, ఒక్క అబద్ధం దొరికితే చాలనుకున్నాను. దొరకలేదు. అన్నీ అదే చూసి నిజమేనన్నది. అది ఫోన్ తీసి బోర్లా పెట్టింది. ఇందులో తన తప్పు కూడా ఉందనుకుంటోందని అప్పుడు అర్థమైంది నాకు. కాగితం లాక్కుని మడిచేశాను.

అయినా మర్నాడు స్టేషన్ దాకా ఒక్కణ్ణే వెళ్లాను. గేటు దగ్గర నిలబడ్డాను. తెడ్డుకి చెవి పెట్టి చేప గొంతు విన్నానని ఎస్సై ముందు చెప్పాలి. లోపల కానిస్టేబుళ్లు ఏదో జోకుకి నవ్వుతున్నారు. పారిస్ తుక్కు వ్యాపారి గుర్తొచ్చాడు. ఆ రోజు నేను నవ్విన నవ్వే నా చెవుల్లో వినపడింది. అంతకంటే గట్టిగా ఎవరూ నవ్వలేరు. వెనక్కి తిరిగొచ్చేశాను.

నేల తిరుపతిరావు పేరుకి మారే రిజిస్ట్రేషన్ రోజున గంగారత్నం నూనె రాసి తల దువ్వుకుని వచ్చింది. క్లర్కు వేలిముద్ర డబ్బా ముందుకి జరిపాడు. "అక్కర్లేదు, సంతకం వచ్చు" అంది. ఈసారి "గం" దగ్గర ఆగలేదు. గబగబా పెట్టేసింది, చెయ్యి తిరిగినవాళ్లలాగే. బయటికొచ్చాక నా కేసి తిరిగి, అన్ని నెలల తర్వాత మొదటి మాట అంది. "ఇక నేర్చుకున్నదాంతో పని లేదు."

వ్యాను మళ్లీ నడుపుతున్నాను, కూలికి. వేరేవాడి వ్యాను, నాది అమ్మేశాను. మొన్న జంక్షన్‌లో ఆగితే తిరుపతిరావు అదే బెంచీ మీద ఉన్నాడు. పక్కన యేసుకుమార్, కైకలూరు వైపు కుర్రాడు, రొయ్యల లోడు తోలతాడు. తండ్రి ఇచ్చిన రెండెకరాలుంది వాడికి. తిరుపతిరావు పదివేల నోటు సంగతి చెబుతున్నాడు. వాడు నోరు తెరుచుకుని వింటున్నాడు.

అతను డబ్బులిచ్చి వెళ్లాక యేసుకుమార్ దగ్గర కూచున్నాను. "ఒరే, ఆ మనిషి మాటలు నమ్మకు. నా కొంప కూల్చాడు."

వాడు ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టాడు. "అదేంటి బాబాయ్, ఇప్పుడే చూశాను. డెబ్బై ఎనిమిదిలో రద్దయిందంట. మాస్టారు చెప్పింది నిజమే."

"నిజమేరా. నేను కాదన్నానా?"

"మరింకేంటి?"

నాకు చెప్పడం రాలేదు. వాడు టీ గ్లాసు కింద పెట్టి, నవ్వుకుంటూ బండెక్కాడు. అందుకే కూచుని ఇది రాస్తున్నాను. యేసుకుమార్ చదువుతాడో లేదో, చదివినా ఫోన్లో చూసుకుంటాడు. పోనీ, ఇది కూడా చూసుకోమనండి, ఇదీ నిజమే: ఉప్పుటేరు పక్కన, గంగారత్నం పేరు మీద ఉండేది, ఎకరం పన్నెండు సెంట్లు.